రేడియోలో కచేరీ వింటూ బాగోగులు పట్టుకోవడం ఎలా?

"కచేరీ బాగుందని తెలుస్తోంది. ఎందుకు బాగుందో మాత్రం చెప్పలేకపోతున్నాను. బాగాలేనప్పుడూ అంతే." తిరుపతిలో నాలాగే రేడియో పెట్టుకుని కర్ణాటక సంగీతం వినేవాళ్లు ఈమధ్య తరచూ అడుగుతున్నది ఇదే. ఒక్కొక్కరికీ ఫోన్లో చెప్పలేక, వరసగా రాస్తున్నాను.

రాగాల పేర్లన్నీ తెలిస్తే తప్ప ఈ పని చేతకాదని చాలామంది భయం. పేర్లు మెల్లగా వస్తాయి. ముందు అలవాటు కావలసింది వినపడిన తప్పు ఎవరిదో తేల్చుకోవడం. రేడియోదా, మన చెవిదా, స్టూడియోలో మైకులదా, పాడినవారిదా? అనుమానం ఈ వరసలోనే పోవాలి. పాడినవారి వంతు చివరిది.

ఇది నాకు తలబొప్పి కట్టాక వచ్చిన తెలివి. క్యాసెట్ల రోజుల్లో ఒక కచేరీ రికార్డు చేసుకుని, తర్వాత బ్యాటరీల మీద పెట్టి విన్నాను. పాట సాగేకొద్దీ గొంతు కిందికి దిగిపోతోంది. "శ్రుతి జారింది" అని పుస్తకంలో రాసుకోవడమే కాక, నలుగురిలో వాదించాను కూడా. సంగీతం తెలిసిన ఒక పెద్దాయన అంతా విని ఒక్కటే అడిగాడు: "మరి తంబురా ఏమైంది నాయనా?" గొంతు వెనక ఎప్పుడూ ఒకే శ్రుతిలో మోగే తంబురా కూడా దిగిపోయింది. బ్యాటరీలు అయిపోవచ్చి టేపు నెమ్మదించింది, అంతే. గొంతు ఒక్కటే జారితే పాడినవారి తప్పు, తంబురాతో కలిసి జారితే యంత్రం తప్పు. అప్పటినుంచి నాకు తంబురాయే సాక్షి.

## 1. ముందు సెట్టును సరిచేయండి

ఎఫ్‌ఎం తరంగాలు దాదాపు చూపులాగే తిన్నగా పోతాయి. మన ఊరికి ఉత్తరాన కొండ గోడ కట్టినట్టు ఉంది కదా, అడ్డం వచ్చిన చోట నీడ పడుతుంది. నేరుగా వచ్చిన తరంగం, కొండకో పెద్ద భవనానికో తగిలి తిరిగొచ్చిన తరంగం కలిసి సెట్టులో పడ్డాయంటే 'స', 'ష' చిట్లినట్టు, వయొలిన్ పైస్థాయి గీరినట్టు వినిపిస్తుంది. అందులో కమాను తప్పేమీ లేదు.

ఎఫ్‌ఎం అయితే: ఏరియల్ పూర్తిగా లాగండి. ఈ తరంగాల పొడవు సుమారు 3 మీటర్లు. అందులో నాలుగో వంతు, అంటే 75 సెంటీమీటర్ల కడ్డీ సరిగ్గా పనిచేస్తుంది. కడ్డీ విరిగిపోతే అంతే పొడవు తీగ తగిలించినా సరే. సెట్టును కిటికీ దగ్గర పెట్టి అడుగు ఇటూ అటూ జరిపి చూడండి, తేడా ఆ అడుగులోనే ఉంటుంది. 'స్స్' అనే మోత వదలకపోతే స్టీరియో మీట నొక్కి మోనోకు మార్చండి. గొంతు, వయొలిన్ ఒకే చోటు నుంచి వస్తున్నట్టు ఉంటుంది కానీ మోత బాగా తగ్గుతుంది. ఫోన్లో ఎఫ్‌ఎం వినేవాళ్లకు ఇయర్‌ఫోన్ తీగే ఏరియల్, దాన్ని ఉండచుట్టి జేబులో పెట్టకండి.

మీడియం వేవ్ అయితే: పైన కడ్డీ లాగి ప్రయోజనం లేదు. దాని ఏరియల్ సెట్టు లోపల ఉంటుంది. సెట్టునే మెల్లగా తిప్పుతూ పోతే ఒక దిక్కున గొంతు తేటపడుతుంది. బరబర వస్తుంటే ఎల్‌ఈడీ దీపాలు, ఫోన్ చార్జరు, ఇన్వర్టరు ఒక్కొక్కటిగా ఆపి చూడండి, దొంగ దొరుకుతాడు. సెట్టును బ్యాటరీల మీద నడిపితే ఇంకా మేలు. చీకటి పడ్డాక దూరపు కేంద్రాలు వచ్చి మీద పడటం సహజం, దానికి మందు లేదు. మీడియం వేవ్‌లో పైస్వరాల మెరుపు ఎలాగూ కత్తిరించే వస్తుంది. అందుకని ఆ సెట్టులో విని "గొంతు మొద్దుగా ఉంది" అని ఎవరి గురించీ రాయకండి.

ఫోన్ యాప్ అయితే: ప్రసార భారతి వారి న్యూస్ ఆన్ ఎయిర్ యాప్‌లో ఆకాశవాణి కేంద్రాలతో పాటు, బెంగళూరు నుంచి 2016 జనవరి 26న మొదలైన శాస్త్రీయ సంగీత చానల్ 'రాగం' కూడా వస్తుంది. బేస్ బూస్ట్, సరౌండ్ లాంటివన్నీ ఆపేయండి. లేదంటే మృదంగానికి ఎడమవైపు ఉండే తొప్పి ఇల్లంతా గుమగుమలాడి గొంతును మింగేస్తుంది. నెట్ ఒక్క క్షణం ఆగి మళ్లీ అందుకుంటే ఆవర్తం (తాళం ఒక చుట్టు) మధ్యలో తెగుతుంది. "తాళం తప్పారు" అని ఉలిక్కిపడే ముందు అది గుర్తుంచుకోవాలి. ఫోన్ సొంత స్పీకర్లో మంద్రస్థాయి (కింది స్వరాలు) సరిగా పలకదు, చవకదైనా ఇయర్‌ఫోన్ పెట్టుకోండి.

కచేరీకి ముందు చూసుకోవలసినవి:

- వార్తలో ప్రకటనో వస్తున్నప్పుడే స్టేషన్ సరిచేశాను
- మాట తేటగా ఉంది, 'స' చిట్లడం లేదు
- బేస్, ట్రెబుల్ మధ్యలో ఉన్నాయి
- ఫ్యాన్ తగ్గించాను, మిక్సీ పని అరగంట తర్వాత అని ఇంట్లో చెప్పాను

ఆఖరిది అన్నిటికంటే కష్టం.

## 2. పుస్తకం, పెన్ను, గడియారం

రేడియో కార్యక్రమం మొదలైన నిమిషం రాసుకోండి. "నెరవల్‌లో ఎక్కడో" (నెరవల్ అంటే ఒకే పాదాన్ని రకరకాలుగా విప్పి పాడే చోటు) అంటే మీకే తర్వాత అర్థం కాదు. "18వ నిమిషం" అంటే అర్థమవుతుంది.

వేళలు మారుతుంటాయి కాబట్టి ఇక్కడ ఇవ్వడం లేదు. ప్రసారం మొదట్లో ఆ పూట కార్యక్రమాల వివరాలు చెబుతారు, అవి వినండి.

ఒక కిటుకు. అనౌన్సరు గాయకుల పేరు, పక్కవాద్యాల వారి పేర్లు చెప్పి "రాగం..." అనబోయే సమయానికి సౌండు తగ్గించేయండి. పాట చివర "ఇంతవరకు మీరు విన్నది" అంటూ మళ్లీ చెప్పడం రివాజు. మీ ఊహ రాసుకున్నాక అప్పుడు సరిచూసుకోవచ్చు. ముందే జవాబు తెలిసిపోతే చెవి సోమరి అవుతుంది. వీలైతే గాయకుల పేరు కూడా వినకండి. పెద్ద పేరు వినగానే మనకు తెలియకుండానే తల ఊగుతుంది.

## 3. మొదటి నిమిషం తంబురాకు

గొంతును వదిలేసి వెనక ఉన్న తంబురాను పట్టుకోండి. 'ప స స స' అని నాలుగు తీగలు తిరుగుతూ ఉంటాయి. మొదట మీరు కూడా నోరు మూసుకుని ఆ షడ్జంతో ('స'తో) "మ్‌మ్" అని కలపండి. కలిసిందంటే మీ గొంతుకు లోపల చిన్న ఒణుకు ఆగిపోతుంది. కలవకపోతే కాస్త పైకీ కిందికీ జరపండి. ఆ షడ్జం మనసులో పాతుకున్నాకే ముందుకు వెళ్లాలి.

హార్మోనియం మెట్ల లెక్కలో మగవారు ఎక్కువగా ఒకటి నుంచి రెండు శ్రుతి మధ్య, ఆడవారు నాలుగున్నర నుంచి ఆరు మధ్య పాడతారు. ఫోన్‌లో తంబురా యాప్ పెట్టుకుని ఒకటి, ఒకటిన్నర, రెండు మార్చి చూస్తే ఏ శ్రుతో వారం రోజుల్లో పోల్చగలుగుతారు. 'ప' బదులు 'మ' మోగుతోందా? అయితే అది మధ్యమ శ్రుతి. రాగంలో పంచమం ('ప') లేకపోవచ్చు. రాగం కనుక్కోవడానికి అది మొదటి ఆచూకీ.

శ్రుతి బాగోగులు చూడవలసిన చోట్లు మూడే:

- గొంతు షడ్జం మీద, పంచమం మీద నిలబడినప్పుడు తంబురాలో కరిగిపోతోందా, పక్కన నిలబడి ఉందా
- తారస్థాయి (పైస్థాయి) షడ్జం అందుకునేటప్పుడు ఒక్కసారిగా అక్కడికి చేరుతోందా, కింది నుంచి ఈడ్చుకుని వస్తోందా
- పెద్ద బిర్కా (వేగంగా దొర్లించే స్వరాల వరస) తర్వాత దిగిన చోటు సరిగ్గా ఉందా

మిగతా స్వరాల మీద తీర్పు చెప్పడానికి తొందరపడకండి. కర్ణాటక సంగీతంలో షడ్జ పంచమాలు రెండే కదలనివి. మిగతావి గమకంతో ఊగుతాయి. తోడి రాగంలో గాంధారం (గ) ఒకచోట నిలవదు, రిషభం (రి) వైపు వాలి మధ్యమం (మ) దాకా పోయి వస్తుంది. హార్మోనియం మెట్ల మీద విన్న చెవికి అది అపశ్రుతిలా తోస్తుంది. అపశ్రుతి కాదు, అదే తోడి.

నేనైతే మొదటి నెల అంతా ఇదొక్కటే వినమంటాను. రాగం, తాళం, సాహిత్యం ఏవీ వద్దు. ఎవరూ నా మాట వినరు, అందరికీ రాగం పేరు చెప్పాలని ఆత్రం. సరే, అక్కడికే పోదాం.

## 4. రాగం: పేరు చెప్పే ముందు కారణం రాయండి

"ఇది కల్యాణి" అని రాయడం ఊహ. "మధ్యమం పైకి ఉంది, అందుకే కల్యాణి అనుకున్నాను" అని రాస్తే వినికిడి. తప్పైనా రెండోదే మేలు. ఎక్కడ పొరబడ్డారో తెలుస్తుంది.

రాగాలను ఒంటరిగా కాక జంటలుగా నేర్చుకోండి:

- మోహన, హంసధ్వని. రెండిటిలోనూ స రి గ ప ఒకటే. పంచమం దాటాక ధైవతం (ధ) వస్తే మోహన, నిషాదం (ని) వస్తే హంసధ్వని. 'వాతాపి గణపతిం' ఎన్నిసార్లు వినలేదు మనం! ఆ ఎత్తైన నిషాదం చెవిలో ఉండే ఉంటుంది.
- ఆభోగి, శ్రీరంజని. రెండిటిలోనూ పంచమం లేదు, స రి గ మ ధ దాకా ఒకటే దారి. నిషాదం ఉన్నది శ్రీరంజని. అందుకని నిషాదం వినపడేదాకా పేరు రాయకండి. ఆలాపన (మాటలు లేకుండా రాగం పాడే భాగం) అంతా అయిపోయినా రాలేదంటే ఆభోగి.
- శంకరాభరణం, కల్యాణి. మేళాల (మూల రాగాల) పట్టికలో 29వది, 65వది. తేడా మధ్యమం ఒక్కటే. శంకరాభరణంలో అది గాంధారానికి ఆనుకుని ఉంటుంది, కల్యాణిలో పంచమాన్ని తాకబోతున్నట్టు ఉంటుంది.

ఈ మూడు జంటలూ తేల్చుకోగలిగిన తర్వాతే భైరవి, ముఖారి లాంటి చిక్కుముళ్ల జోలికి పోండి. అక్కడ స్వరాలు లెక్కపెట్టి లాభం లేదు, ఆ రాగానికే సొంతమైన పట్టులు, అంటే ప్రయోగాలే గుర్తు.

ఇక విమర్శ. ఆలాపనలో చూడవలసింది వేగం కాదు. రాగం మొదటి రెండు మూడు పట్టుల్లోనే ఎదుట నిలిచిందా? మంద్రం నుంచి తారం దాకా మెట్టుమెట్టుగా పోయిందా, అన్నిచోట్లా ఒకే సంచారం (స్వరాల నడక) తిప్పి తిప్పి పెట్టారా? నిలవవలసిన స్వరం మీద నిలిచారా?

ఒక న్యాయం మాత్రం పాటించాలి. అరగంట కార్యక్రమంలో ఆలాపనకు దక్కేది కొద్ది నిమిషాలు. సభలో ముప్పావుగంట పాడే రాగాన్ని అక్కడ ఆశించి "విస్తారం లేదు" అనడం అన్యాయం. ఆ కొద్ది నిమిషాల్లో ఏం ఎంచుకున్నారు, ఏం వదిలేశారు అన్నది రాయండి. కొందరు విద్వాంసులు నాలుగు నిమిషాల్లో కాంభోజిని పూర్తిగా చూపిస్తారు. నాకు రేడియో కచేరీ మీద మోజు అందుకే.

## 5. తాళం: చెయ్యి వేయకుండా తెలియదు

రేడియోలో గాయకుల చెయ్యి కనపడదు. మీ చెయ్యే వేసుకోవాలి.

1. ఆదితాళంతో మొదలుపెట్టండి: ఒక దెబ్బ, చిటికెన వేలి నుంచి మూడు వేళ్లు, తర్వాత దెబ్బ-విసురు, దెబ్బ-విసురు. మొత్తం ఎనిమిది.
2. పల్లవి మళ్లీ మొదలైనప్పుడు మీ మొదటి దెబ్బ ఎక్కడుందో చూడండి. మూడు ఆవర్తాలు వరసగా అదే చోట కలిస్తే ఆది.
3. కలవకపోతే మూడు లెక్కతో రూపకం ప్రయత్నించండి. తర్వాత ఏడుతో మిశ్రచాపు: "తకిట తకధిమి". తర్వాత ఐదుతో ఖండచాపు: "తక తకిట".
4. పాట ఎత్తుగడ ఎప్పుడూ దెబ్బ మీదే ఉండదు. అర లెక్క, ఒకటిన్నర లెక్క వదిలి ఎత్తుకునే కీర్తనలు చాలా ఉన్నాయి. చెయ్యి సగం లెక్క తేడాగా పడుతోందంటే తాళం తప్పు కాదు, ఎత్తుగడ వేరు.

చెయ్యి తప్పిపోతే కంగారుపడి మధ్యలో సర్దకండి. ఆపేసి, పల్లవి మొదటి మాట వచ్చేదాకా ఆగి, అక్కడ మళ్లీ కలపండి.

లయలో బాగోగు తేల్చడానికి ఒక పరీక్ష: పల్లవి దగ్గర మీ చెయ్యి పడిన వేగం, స్వరకల్పన (స రి గ మలతో అప్పటికప్పుడు అల్లి పాడేది) చివర పడుతున్న వేగం ఒకటేనా? తెలియకుండా పరుగెత్తడం మంచి మంచి కచేరీల్లోనూ జరుగుతుంది. గడియారం చూసి నిమిషానికి ఎన్ని ఆవర్తాలో మొదట ఒకసారి, చివర ఒకసారి లెక్కపెట్టండి.

## 6. సాహిత్యం: మన బలం, మన ఉచ్చు

త్యాగరాజస్వామి కీర్తనలు మనకు మాతృభాష. తెలుగు రానివారు స్వరంలో ఎంత లోతుకు పోయినా మనకు దొరికే ఈ సులువు వాళ్లకు లేదు. ఉచ్చు ఏమిటంటే, గాయకులు తమిళం వారైతే మన చెవి 'గ' బదులు 'క' పలికిన చోట్లు ఏరడంలోనే అరగంటా గడిపేస్తుంది. దాన్ని ఒక వరసలో రాసి వదిలేయండి.

నా లెక్కలో ఉచ్చారణ చిన్న తప్పు, పదం విరుపు పెద్ద తప్పు. కల్యాణిలో మిశ్రచాపు కీర్తన 'నిధి చాల సుఖమా' తీసుకోండి. "నిధి" అంటే డబ్బు, "సన్నిధి" అంటే రాముడి ఎదుట నిలవడం. ఆ రెంటినీ పక్కపక్కన పెట్టి ఏది సుఖమని అడగడమే పాట. "రాముని సన్" దగ్గర ఊపిరి తీసుకుని "నిధి సేవ" అని ఎత్తుకుంటే అడిగిన ప్రశ్నే తలకిందులవుతుంది. అదే కీర్తనలో "మమత బంధన యుత నరస్తుతి సుఖమా" అన్న పాదం నెరవల్‌కు పెట్టుకుంటారు. అక్కడ "యుత న" దాకా పోయి ఆగితే స్వరం ఎంత ముద్దుగా ఉన్నా మాట చచ్చిపోయినట్టే.

తిరుపతి వాళ్లకు ఇంకో మాట. అన్నమయ్య పాటలు పొద్దున లేస్తే మన చెవిలో పడుతూనే ఉంటాయి. రాగిరేకుల మీద రాగం పేరు ఉంది, స్వరం లేదు. ఇప్పుడు మనం వింటున్న బాణీలు చాలావరకు 20వ శతాబ్దంలో కట్టినవే. మీకు అలవాటైన కీర్తన రేడియోలో వేరే రాగంలో వస్తే "తప్పు పాడారు" అని రాయకండి. ఆ రాగానికి, మాటకు పొసిగిందా లేదా అన్నదే ప్రశ్న.

## 7. నెరవల్, స్వరకల్పన

సంగతుల్లో (ఒకే పాదాన్ని మార్చి మార్చి పాడే తీరుల్లో) ప్రతిదీ ముందుదానికంటే ఒక మెట్టు ఎక్కాలి. నెరవల్‌లో మాటల చోటు తాళంలో కదలకూడదు, రాగం మాత్రం విప్పారాలి. మీ చెయ్యి పడుతున్న చోట అదే అక్షరం వస్తోందా అన్నది చాలు, తప్పు ఉంటే దొరికిపోతుంది.

స్వరకల్పనలో రెండు చూడండి: ప్రతి వరస ఎత్తుగడ మాటకు తొణకకుండా దిగిందా, స్వరాల్లో రాగం ఉందా లేక లెక్క మాత్రమే ఉందా. మూడేసి, ఐదేసి ముక్కలుగా పేర్చుకుంటూ పోయే లెక్కలకు చప్పట్లు పడతాయి. రేడియోలో చప్పట్లు లేవు కదా, ఆ మేరకు మన తీర్పు చెడకుండా ఉంటుంది.

## 8. పక్కవాద్యాలు, తని

వయొలిన్ వినపడకపోతే, మృదంగం మరీ ఎక్కువగా ఉంటే ఆ తప్పు వాయించేవారి మీద వేయకండి. స్టూడియోలో మైకుల సర్దుబాటు వారి చేతిలో లేదు. వయొలిన్‌లో చూడవలసింది గాయకులు వదిలిన పట్టును ఎంత త్వరగా అందుకున్నారు, ఆలాపనలో తమ వంతు వచ్చినప్పుడు అదే రాగాన్ని ఇంకో వైపు నుంచి చూపించారా అన్నది. మృదంగంలో అనుపల్లవి దగ్గర, చరణం దగ్గర ముక్తాయి (ముగింపుగా వాయించే లయ వరస) పాట తీరుకు సరిపోయిందా చూస్తే చాలు.

తని, అంటే మృదంగం లాంటి లయవాద్యాలు మాత్రమే మోగే భాగం, అరగంట కార్యక్రమంలో ఉండదు, ఉన్నా రెండు మూడు నిమిషాలే. చెయ్యి వదలకుండా తాళం వేస్తూ, చివరి ముక్తాయి ఎత్తుగడకు చేరేదాకా నిలబడగలిగితే ఆ పూటకు అదే గొప్ప.

## 9. రాయడం

కచేరీ ముగిసిన పది నిమిషాల్లో రాయాలి. ఈ తీరులో:

- *4వ నిమిషం:* ఆలాపన. పంచమం లేదు, నిషాదం 5వ నిమిషంలో వచ్చింది. శ్రీరంజని అనుకున్నాను. ప్రకటనలో సరిపోయింది.
- *11వ నిమిషం:* తారషడ్జం తంబురా కంటే కాస్త కింద. తంబురా స్థిరంగానే ఉంది. రెండోసారి సరిగ్గా చేరారు.
- *19వ నిమిషం:* స్వరకల్పనలో చెయ్యి తప్పింది. నా తప్పే అనుకుంటాను.

"అద్భుతం", "మధురం", "గంధర్వ గానం" ఈ పుస్తకంలో నిషిద్ధం. ప్రతి పొగడ్తకూ నిమిషం, చోటు ఉండాలి, ప్రతి తెగడ్తకూ తంబురా సాక్ష్యం ఉండాలి.

నెలకోసారైనా మహతి ఆడిటోరియానికో అన్నమాచార్య కళామందిరానికో పోయి కచేరీ నేరుగా వినండి. వీలైతే ముందు వరసలో కూర్చుని తంబురా అసలు ఎలా మోగుతుందో చెవిలో నింపుకుని రండి. ఆ తర్వాత మీ రేడియో ఏం తగ్గిస్తోందో ఎవరూ చెప్పక్కర్లేదు.

## 10. తరచూ పడే తప్పులు, సవరణలు

అన్నీ ఒకేసారి వినాలనుకోవడం. శ్రుతి, రాగం, తాళం, మాట నాలుగూ పట్టబోతే నాలుగూ జారతాయి. వారానికొకటి పెట్టుకోండి. ఈ వారం తాళమైతే రాగం తెలిసినా రాయకండి.

సినిమా పాటతో రాగం పట్టడం. మొదట్లో పనికొస్తుంది, నేనూ అలాగే మొదలుపెట్టాను. అయితే సినిమా పాటల్లో అన్యస్వరాలు (ఆ రాగానివి కాని స్వరాలు) స్వేచ్ఛగా వేస్తారు, పాట మధ్యలో రాగం మారిపోవడమూ మామూలే. పల్లవి ఒక్కటే ఆధారంగా తీసుకోండి.

నచ్చిన గాయకుల బాణీయే కొలబద్ద. అదే కీర్తన ఇంకో పాఠాంతరంలో వినగానే సంగతి తప్పినట్టు అనిపిస్తుంది. ఒకే కీర్తన కనీసం ముగ్గురు పాడగా విన్నాకే "ఇక్కడ ఇలా ఉండకూడదు" అనండి.

చివర తుంచేశారని గాయకుల మీద విసుగు. కార్యక్రమం వేళ కాగానే సౌండు తగ్గించేది స్టూడియో. ఆ వరస రాయనక్కర్లేదు.

పని చేసుకుంటూ వినడం. కూరగాయలు తరుగుతూ వినండి, బాగుంటుంది. ఆ పూట పుస్తకం మాత్రం తెరవకండి.

నెల తిరగకుండానే వదిలేయడం. మొదటి నెల ఊహల్లో సగానికి పైగా తప్పులే వస్తాయి. నా పాత పుస్తకంలో మొదటి పుటలో హంసధ్వని అని రాసి, కొట్టేసి, మోహన అని రాసి, అదీ కొట్టేసి ఉంది. ఆ రోజు పాడినది కల్యాణి.